ఫైటర్ అసలు, విజార్డ్ కొసరు

ప్రశ్న: మేం ఐదుగురం శనివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలతో కథ నడిపే ఆట) ఆడుతున్నాం. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్. నాది హ్యూమన్ ఫైటర్ (యోధుడి క్లాస్), అందులో బ్యాటిల్ మాస్టర్ సబ్‌క్లాస్, ఇప్పుడు నాలుగో లెవెల్. స్ట్రెంత్ 18, డెక్స్‌టెరిటీ 13, కాన్‌స్టిట్యూషన్ 14, ఇంటెలిజెన్స్ 13, విజ్‌డమ్ 10, కరిజ్మా 8. డ్యూయెలింగ్ స్టైల్, సెంటినెల్ ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) ఉన్నాయి. చెయిన్ మెయిల్, లాంగ్‌సోర్డ్, డాలు వాడతాను. కథ పదో లెవెల్‌తో అయిపోతుందని డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) ముందే చెప్పాడు. ఇక మీదట రెండు లెవెల్స్ రోగ్ (దొంగ), తర్వాత నాలుగు లెవెల్స్ విజార్డ్ (మాంత్రికుడు) తీసుకుంటే రోగ్ కొట్టే దొంగదెబ్బ స్నీక్ అటాక్, విజార్డ్ వేసే ఫైర్‌బాల్ రెండూ చేతికొస్తాయని నా ప్లాన్. ఇవే రూల్స్ మీద వచ్చిన కంప్యూటర్ గేమ్ బాల్డర్స్ గేట్ 3లో క్లాసులు ఇష్టమొచ్చినట్టు కలిపి ఆడాను, బాగానే నడిచింది. ఇక్కడ మా డీఎం మాత్రం "ఇంకోసారి ఆలోచించుకో" అంటున్నాడు. ఎక్కడ తప్పుతున్నాను?
— ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాం. మీ ప్లాన్ ప్రకారం వెళితే కథ అయిపోయేదాకా మీకు ఫైర్‌బాల్ రాదు. అది మూడో లెవెల్ స్పెల్ (మంత్రం). విజార్డ్‌కి మూడో లెవెల్ స్పెల్స్ వచ్చేది విజార్డ్ క్లాస్‌లో ఐదో లెవెల్‌కి. మీ లెక్క ఫైటర్ 4, రోగ్ 2, విజార్డ్ 4. మొత్తం పది. అక్కడితో కథ సమాప్తం. ఒక్క మెట్టు తక్కువలో ఆగిపోతారు.

ఇందులో మీ తప్పు కన్నా ఆట పెట్టిన పేర్ల తప్పే ఎక్కువ. క్యారెక్టర్ మొత్తం లెవెల్‌నీ లెవెల్ అంటారు, ఒక్కో క్లాస్‌లో ఎక్కినదాన్నీ లెవెల్ అంటారు, స్పెల్ స్థాయినీ లెవెల్ అంటారు. ప్రొఫిషియెన్సీ బోనస్ (తెలిసిన పనులకి కలిసే అంకె), కాంట్రిప్‌ల (ఎన్నిసార్లయినా వేయగల చిన్న స్పెల్స్) దెబ్బ మొత్తం లెవెల్‌తో పెరుగుతాయి. క్లాస్ ఇచ్చే శక్తులు మాత్రం ఆ క్లాస్‌లో మీరు ఎక్కిన మెట్లను బట్టే వస్తాయి. ఎబిలిటీ స్కోర్ ఇంప్రూవ్‌మెంట్ (స్ట్రెంత్ లాంటి స్కోర్లు పెంచుకునే, లేదా బదులుగా ఫీట్ తీసుకునే అవకాశం) కూడా అంతే: మొత్తం ఎనిమిదో లెవెల్‌కి వచ్చామని ఇవ్వరు, ఏదో ఒక క్లాస్‌లో నాలుగో, ఎనిమిదో మెట్టు ఎక్కితే ఇస్తారు. ఫైటర్‌కి ఒక్కడికి ఆరో మెట్టు మీద అదనంగా ఒకటి ఉంది. ఈ ఆరో మెట్టుని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దానితో పనుంది.

ఫైర్‌బాల్ సంగతి అటుంచితే, మీ ప్లాన్‌లో అంతకన్నా పెద్ద నష్టం వేరే ఉంది. నాలుగో లెవెల్ దగ్గర ఫైటర్ క్లాస్ వదిలేస్తున్నారు. ఐదో లెవెల్‌లో వచ్చేది ఎక్స్‌ట్రా అటాక్, అంటే ఒక టర్న్‌లో రెండు దెబ్బలు. ఫైటర్ క్లాస్‌లో ఇంత లాభమిచ్చే మెట్టు పదిలోపు మరొకటి లేదు.

లెక్క వేసి చూద్దాం. మీ లాంగ్‌సోర్డ్ ఒక దెబ్బకి డీ8 (ఎనిమిది ముఖాల పాచిక), స్ట్రెంత్ నుంచి 4, డ్యూయెలింగ్ నుంచి 2. సగటున 10.5. ఫైటర్ ఐదో లెవెల్ తీసుకుంటే రెండూ తగిలినప్పుడు 21. దాని బదులు రోగ్ ఒకటి తీసుకుంటే ఒకే దెబ్బ, దానికి (ఆయుధం మార్చుకుంటే) స్నీక్ అటాక్ ఒక డీ6, సగటున 14. రోగ్ రెండో లెవెల్‌కి కూడా ఆ డీ6 ఒకటే. రెండోది మూడో లెవెల్‌కి గానీ రాదు. ఇప్పుడు పదో లెవెల్‌లో ఒక స్టోన్ జయంట్ ఎదురైందనుకోండి. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 17, హిట్ పాయింట్లు (ప్రాణబలం) 126. మీ అటాక్ బోనస్ 8, కాబట్టి డీ20 మీద 9 పడితే చాలు, నూటికి అరవై సార్లు తగులుతుంది. క్రిటికల్స్ (20 పడితే వచ్చే పెద్ద దెబ్బలు) పక్కన పెడితే మీ ప్లాన్‌తో రౌండ్‌కి సగటు 8.4. ఒక్కరే కొడుతూ కూర్చుంటే ఆ జయంట్‌ని పడగొట్టడానికి 15 రౌండ్లు. ఎక్స్‌ట్రా అటాక్ ఉంటే రౌండ్‌కి 12.6, అంటే 10 రౌండ్లు. పైగా ఒకే దెబ్బ ఉన్నవాడికి అది తప్పితే ఆ టర్న్ మొత్తం గాలికి పోయినట్టే. ఆ నిరాశ సగటు లెక్కల్లో కనపడదు, టేబుల్ దగ్గర మాత్రం బాగా తెలుస్తుంది.

కాబట్టి ఐదో లెవెల్ ఫైటరే. దీని మీద చర్చ అక్కర్లేదు.

ఆ తర్వాత రోగ్, విజార్డ్ రెండిట్లో ఒక్కటే ఎంచుకోండి. మిగిలింది ఐదు లెవెల్స్. వాటిని రెండు కొత్త క్లాసులకీ పంచితే ఆ రెండిట్లో ఏదీ నాలుగో మెట్టు దాటదు. రెండో క్లాస్‌ని కొసరుగా చూడాలి. మొదటి ఒకటి నుంచి నాలుగు మెట్లలో అది ఏమిస్తుందో అదే మీది, ఆ పై మెట్ల మీద ఉన్నది మీది కాదు.

విజార్డ్‌నే కొసరుగా తీసుకుందాం అనుకుంటే, మీ ఇంటెలిజెన్స్ 13 అనేది ఆ క్లాస్‌లో అడుగుపెట్టడానికి మాత్రమే సరిపోయే అంకె. మల్టీక్లాస్ (ఒకటికి మించి క్లాసులు కలపడం) చేయాలంటే పాత క్లాస్‌కీ కొత్త క్లాస్‌కీ అడిగిన స్కోర్లు 13 ఉండాలి. మీకు స్ట్రెంత్ ఉంది, ఇంటెలిజెన్స్ ఉంది, తలుపు తెరుచుకుంటుంది. కానీ బోనస్ ఒక్కటే. పదో లెవెల్‌లో మీ స్పెల్ సేవ్ డీసీ (మీ స్పెల్‌ని తప్పించుకోవడానికి ఎదుటివాడు సేవింగ్ త్రోలో అందుకోవాల్సిన అంకె) మూల అంకె 8, ప్రొఫిషియెన్సీ 4, ఇంటెలిజెన్స్ 1 కలిపి 13. అదే లెవెల్‌లో ఇంటెలిజెన్స్ 20 ఉన్న అసలు విజార్డ్‌ది 17. కాబట్టి ఎదుటివాడు సేవింగ్ త్రో వేయాల్సిన స్పెల్స్ గానీ, మీరు డీ20 వేసి తగిలించాల్సిన స్పెల్స్ గానీ మీకు దండగ. ఇంటెలిజెన్స్‌తో పనిలేకుండా పూర్తిగా పనిచేసేవి చాలా ఉన్నాయి, అవే ఏరుకోవాలి.

అందులో మొదటిది షీల్డ్ స్పెల్. దెబ్బ తగిలిందని డీఎం చెప్పాక రియాక్షన్‌గా (ఎదుటివాడి పనికి వెంటనే ఇచ్చే జవాబుగా) వేస్తే మీ తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా ఆర్మర్ క్లాస్ 5 పెరుగుతుంది. చెయిన్ మెయిల్, డాలుతో మీది 18. ఇందాకటి స్టోన్ జయంట్ అటాక్ బోనస్ 9, రౌండ్‌కి రెండు దెబ్బలు, ఒక్కోటి సగటున 19. మామూలుగా నూటికి అరవై సార్లు తగిలేది, స్పెల్ వేస్తే ముప్పై ఐదు సార్లే తగులుతుంది. ఇంటెలిజెన్స్ 8 ఉన్నా 20 ఉన్నా ఆ 5 మాత్రం మారదు.

ఇక్కడే ఒక చిక్కుంది, చాలామంది ఆట మధ్యలో డీఎం చెప్పేదాకా గమనించరు. షీల్డ్ స్పెల్‌కి మంత్రంతో పాటు చేతి ముద్ర కూడా కావాలి, అంటే ఒక చెయ్యి ఖాళీగా ఉండాలి. మీకు ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో డాలు. మీ టర్న్‌లో అయితే కత్తి ఒరలో పెట్టుకోవచ్చు, కానీ ఈ స్పెల్ వేసేది ఎదుటివాడి టర్న్‌లో. దీనికి మందు వార్ క్యాస్టర్ ఫీట్. అది ఉంటే రెండు చేతుల్లో ఆయుధం, డాలు ఉన్నా ముద్ర వేయొచ్చు. కాన్సన్‌ట్రేషన్ (స్పెల్‌ని నడిపించే ఏకాగ్రత) నిలబెట్టుకునే సేవ్‌కి అడ్వాంటేజ్ (డీ20 రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) కూడా వస్తుంది. మీరు మొదలుపెట్టింది ఫైటర్‌తో కాబట్టి కాన్‌స్టిట్యూషన్ సేవ్ ప్రొఫిషియెన్సీ ఎలాగూ ఉంది. సేవ్ ప్రొఫిషియెన్సీలు మొదటి క్లాస్ ఒక్కటే ఇస్తుంది. హెవీ ఆర్మర్ కూడా అంతే: ఫైటర్‌గా మొదలైతే వస్తుంది, తర్వాత ఫైటర్‌లోకి వస్తే రాదు. మీ క్యారెక్టర్ సరైన వైపు నుంచే మొదలైంది.

వార్ క్యాస్టర్‌కి ఒక షరతుంది. కనీసం ఒక్క స్పెల్ అయినా వేయగలిగి ఉండాలి. అంటే ఫైటర్ ఐదు, ఆరు వరసగా తీసుకుంటే ఆరో మెట్టు మీద ఈ ఫీట్ దొరకదు, ఎందుకంటే అప్పటికి మీకు ఒక్క స్పెల్ కూడా రాదు. అందుకని వరస ఇలా మార్చండి: ఐదో లెవెల్ ఫైటర్, ఆరో లెవెల్‌లో విజార్డ్ మొదటి మెట్టు, ఏడో లెవెల్‌లో మళ్ళీ ఫైటర్‌కి వచ్చి ఆరో మెట్టు ఎక్కి వార్ క్యాస్టర్, ఆపైన ఎనిమిది, తొమ్మిది, పది మూడూ విజార్డే. చివరికి ఫైటర్ 6, విజార్డ్ 4. ఇందులో ఇంకో లాభం చూడండి. అచ్చమైన ఫైటర్ పదో లెవెల్‌కి నాలుగు, ఆరు, ఎనిమిది మెట్ల మీద మూడు ఇంప్రూవ్‌మెంట్లు అందుకుంటాడు. మీకూ ఫైటర్ నాలుగు, ఫైటర్ ఆరు, విజార్డ్ నాలుగు, మొత్తం మూడే. ఫీట్ల లెక్కలో పైసా నష్టం లేదు. మీ పాత ప్లాన్‌లో రెండే ఉన్నాయి.

పోయేదేమిటో కూడా చెప్పాలి. సగటు తీసుకుంటే అచ్చమైన ఫైటర్‌కి పదో లెవెల్‌లో 84 హిట్ పాయింట్లు, మీకు 76. బ్యాటిల్ మాస్టర్‌కి ఏడో మెట్టు మీద వచ్చే ఐదో సుపీరియారిటీ డై (ప్రత్యేక ఎత్తులకి వాడే పాచిక), తొమ్మిదో మెట్టు మీద ఇండామిటబుల్ (తప్పిన సేవ్ మళ్ళీ వేసే శక్తి), పదిలో ఆ డైస్ డీ8 నుంచి డీ10 కావడం, ఇవి పోతాయి. మా దృష్టిలో ఇది పెద్ద ధర కాదు. కథ పదిహేను దాకా నడిచేదైతే ఈ మాట చెప్పేవాళ్ళం కాదు. ఫైటర్ పదకొండో మెట్టు మీద మూడో దెబ్బ వస్తుంది, దాన్ని నాలుగు లెవెల్స్ ఆలస్యం చేసుకోవడం దండగ.

ఆరో లెవెల్ నుంచి ఏడుకి వెళ్ళేదాకా వార్ క్యాస్టర్ ఉండదు కదా, ఆ కొద్దికాలం డాలు వీపున వేసుకోండి. లాంగ్‌సోర్డ్ ఒక చేత్తోనే పట్టుకుంటే డ్యూయెలింగ్ బోనస్ అలాగే ఉంటుంది, రెండో చెయ్యి ఖాళీ. ఆర్మర్ క్లాస్ 16కి దిగుతుంది, స్పెల్ వేస్తే 21. డాలు తీయడానికైనా తగిలించుకోవడానికైనా ఒక యాక్షన్ పడుతుంది కాబట్టి పోరు మధ్యలో మార్చుకుందామనుకోకండి.

విజార్డ్ పుస్తకంలో మొదటి మెట్టుకి ఆరు స్పెల్స్, ఆపై మెట్టుకి రెండేసి, నాలుగో మెట్టుకి పన్నెండు. రోజూ సిద్ధం చేసుకోగలిగేది మాత్రం విజార్డ్ లెవెల్, ఇంటెలిజెన్స్ బోనస్ కలిపినన్ని. మొదట రెండు, చివరికి ఐదు. కనుక మొదటి ఆరింటిలో సగం రిచువల్స్ ఉండాలి, వాటిని సిద్ధం చేయకుండానే పుస్తకం చూసి పది నిమిషాలు ఎక్కువ తీసుకుని వేయొచ్చు, స్లాట్ (స్పెల్ వేసినప్పుడల్లా ఖర్చయ్యే అవకాశం) ఖర్చు కాదు. ఫైండ్ ఫెమిలియర్ (జంతురూపంలో సహాయకుణ్ణి పిలిచేది), డిటెక్ట్ మ్యాజిక్, కాంప్రిహెండ్ లాంగ్వేజెస్ తీసుకోండి. మిగతా మూడు షీల్డ్, ఫెదర్ ఫాల్, డీఎం ఒప్పుకుంటే అబ్‌సార్బ్ ఎలిమెంట్స్. విజార్డ్ మూడో మెట్టు మీద రెండో లెవెల్ స్పెల్స్ వస్తాయి. అక్కడ మిస్టీ స్టెప్, మిర్రర్ ఇమేజ్. రిచువల్స్ పక్కన పెడితే, సిద్ధం చేసుకునేవాటిలో ఏ ఒక్కటీ ఇంటెలిజెన్స్ అడగదు, కాన్సన్‌ట్రేషన్ కూడా అడగదు. షీల్డ్, అబ్‌సార్బ్ ఎలిమెంట్స్, ఫెదర్ ఫాల్, మిస్టీ స్టెప్, మిర్రర్ ఇమేజ్, సరిగ్గా ఐదు. నాలుగో మెట్టుకి మీ దగ్గర మొదటి లెవెల్ స్లాట్లు నాలుగు, రెండోవి మూడు ఉంటాయి.

ఫైండ్ ఫెమిలియర్‌కి ప్రతిసారీ 10 బంగారు నాణేల సరుకు కాలిపోతుంది. నాలుగైదు సార్లకి సరిపడా ముందే కొని ఉంచుకోండి. గుడ్లగూబని పిలవండి. అది ఎగిరి వచ్చి మీకు హెల్ప్ యాక్షన్ ఇచ్చి, ఎదుటివాడి రియాక్షన్ దెబ్బ తినకుండా వెళ్ళిపోగలదు. మీ మొదటి దెబ్బకి అడ్వాంటేజ్. తెలివైన శత్రువు దాన్నే ముందు కొడతాడు, ఒక్క హిట్ పాయింటే కదా. అలా కొట్టినా మీ మీద పడాల్సిన దెబ్బ ఒకటి అటు పోయినట్టే. రెండో క్లాస్ మీకు కొత్తగా సామాను ఇవ్వదు కాబట్టి కాంపొనెంట్ పౌచ్ (స్పెల్స్‌కి కావాల్సిన సరుకుల సంచి) కూడా 25 నాణేలు పెట్టి కొనుక్కోవాల్సిందే.

విజార్డ్ రెండో మెట్టు మీద సంప్రదాయం (విజార్డ్ సబ్‌క్లాస్) ఎంచుకునేటప్పుడు డివినేషన్ తీసుకోండి. రోజుకి రెండు డీ20లు పొద్దున్నే వేసి పక్కన పెట్టుకుని, అవసరమైనప్పుడు ఎవరి రోల్ బదులైనా పెట్టొచ్చు. దీనికి ఇంటెలిజెన్స్‌తో సంబంధమే లేదు. బ్లేడ్‌సింగింగ్ పేరు చూసి మోసపోకండి, అది మీడియం, హెవీ ఆర్మర్‌తో పనిచేయదు, డాలుతోనూ పనిచేయదు. బూమింగ్ బ్లేడ్ లాంటి కత్తి కాంట్రిప్‌లూ మీకు అంతగా కలిసిరావు. అవి వేయడం అంటే స్పెల్ వేసే యాక్షన్, అటాక్ యాక్షన్ కాదు. కాబట్టి ఎక్స్‌ట్రా అటాక్ దానితో రాదు.

ఇక రోగ్. నిజం చెప్పాలంటే, దెబ్బ బలమే మీకు ముఖ్యమైతే మీ చేతిలో ఉన్న సెంటినెల్‌కి రోగ్ విజార్డ్ కన్నా బాగా అతుకుతుంది. స్నీక్ అటాక్ "టర్న్‌కి ఒకసారి" అని ఉంది, రౌండ్‌కి ఒకసారి అని కాదు. మీ టర్న్‌లో ఒకసారి వాడారు. తర్వాత మీ పక్కనున్న శత్రువు మీ స్నేహితుణ్ణి కొట్టాడు, సెంటినెల్ వల్ల మీరు రియాక్షన్‌గా కొట్టారు. అది వాడి టర్న్, మళ్ళీ స్నీక్ అటాక్ పడుతుంది. మీ వాళ్ళలో ఒకరు ఆ శత్రువుకి ఐదడుగుల్లో స్పృహలో ఉండి, మీకు డిసడ్వాంటేజ్ లేకపోతే చాలు, అడ్వాంటేజ్ కూడా అక్కర్లేదు.

అయితే లాంగ్‌సోర్డ్‌తో ఇది జరగదు. ఆయుధం ఫినెస్ (బలం బదులు చురుకుతోనూ వాడగల) రకమో, దూరం నుంచి కొట్టేదో అయ్యుండాలి. రేపియర్ తీసుకోండి. దానిదీ డీ8, ఒక చేతి ఆయుధమే, డ్యూయెలింగ్ వర్తిస్తుంది. చాలామంది స్నీక్ అటాక్‌కి డెక్స్‌టెరిటీతోనే కొట్టాలనుకుంటారు, రూల్ అలా లేదు. ఆయుధం ఫినెస్ అయితే చాలు, మీరు స్ట్రెంత్ 18తోనే కొట్టొచ్చు. ఫైటర్ 6, రోగ్ 4 చేస్తే స్నీక్ అటాక్ రెండు డీ6, రోగ్ మొదటి మెట్టు మీద ఎక్స్‌పర్టీస్ (ప్రొఫిషియెన్సీ రెట్టింపు). అథ్లెటిక్స్‌లో ఎక్స్‌పర్టీస్ పెట్టుకుంటే తొమ్మిదో లెవెల్‌కి బోనస్ 12. మొదటి దెబ్బ బదులు తోసి పడేసి, రెండోది అడ్వాంటేజ్‌తో కొట్టడం మీ నిత్యకృత్యం అవుతుంది. దాక్కోవడం మాత్రం మర్చిపోండి. చెయిన్ మెయిల్‌లో స్టెల్త్‌కి డిసడ్వాంటేజ్, కన్నింగ్ యాక్షన్‌తో హైడ్ చేసినా గలగల వినపడుతుంది.

ఫైర్‌బాలే ప్రాణం అంటారా? అప్పుడు రెండు దారులు. ఫైటర్ 5, విజార్డ్ 5 చేస్తే పదో లెవెల్‌కి వస్తుంది, ఆఖరి ఒకటి రెండు పోరాటాలకి. ఎనిమిది డీ6, సగటు 28, డీసీ 13, సగం మంది రాక్షసులు సేవ్ చేసుకుని సగం దెబ్బే తింటారు. దీనికన్నా డీఎం సరదాపడి ఎక్కడైనా నెక్లెస్ ఆఫ్ ఫైర్‌బాల్స్ పెడితే దాని డీసీ 15, ఎవరైనా విసరొచ్చు! రెండో దారి, క్యారెక్టర్‌ని మళ్ళీ కట్టనిమ్మని అడగడం. ఇంటెలిజెన్స్ 15 పెట్టి హ్యూమన్ బోనస్‌తో 16, కాన్‌స్టిట్యూషన్ 14, స్ట్రెంత్ 13. ఆ 13 ఫైటర్ షరతుకీ చెయిన్ మెయిల్ మోయడానికీ సరిగ్గా సరిపోతుంది. ఫైటర్ ఒకటి, తర్వాత అన్నీ విజార్డే. ఆరో లెవెల్‌కల్లా ఫైర్‌బాల్, నాలుగో మెట్టు ఇంప్రూవ్‌మెంట్ ఇంటెలిజెన్స్‌లో వేస్తే డీసీ 15. ఇది కత్తి పట్టే మనిషి కాదు, ఇనప చొక్కా తొడుక్కున్న విజార్డ్. మీకు కావాల్సింది అదేనా అన్నది మీరే చూసుకోవాలి.

డీఎం మొత్తం మార్చడానికి ఒప్పుకోకపోయినా సబ్‌క్లాస్ ఒక్కటి మార్చనిస్తాడేమో అడగండి. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్‌లో అందుకు ఐచ్ఛిక రూల్ ఉంది. బ్యాటిల్ మాస్టర్ బదులు ఎల్డ్రిచ్ నైట్ అయితే ఫైటర్‌గానే స్పెల్స్ వస్తాయి, వార్ క్యాస్టర్ వరస గొడవ ఉండదు. దాని మీద విజార్డ్ నాలుగు కలిపితే స్లాట్ల లెక్కకి ఫైటర్ 6లో మూడో వంతు 2, విజార్డ్ 4, మొత్తం ఆరో లెవెల్ వరస: మొదటివి నాలుగు, రెండోవి మూడు, మూడోవి మూడు. మూడో లెవెల్ స్లాట్ ఉంది కదా అని ఫైర్‌బాల్ పుస్తకంలో రాసుకోలేరు. స్లాట్లు కలుస్తాయి, స్పెల్స్ నేర్చుకోవడం మాత్రం ఏ క్లాస్‌కి ఆ క్లాస్ విడిగానే. ఆ పెద్ద స్లాట్లలో చిన్న స్పెల్స్ వేసుకోవాల్సిందే.

మీరు బాల్డర్స్ గేట్ 3లో చూసింది దీనికి భిన్నం. అక్కడ 13 షరతే లేదు. తగిన స్లాట్ ఉంటే ఒక్క మెట్టు విజార్డ్ కూడా పెద్ద స్క్రోల్‌ని పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. నచ్చకపోతే విథర్స్ అనే పాత్రకి 100 బంగారు నాణేలు ఇచ్చి అంతా మళ్ళీ మొదలు. మీ టేబుల్ దగ్గర విథర్స్ లేడు. 2014 పుస్తకంలో మల్టీక్లాసింగ్ అసలు ఐచ్ఛిక రూలే, కాదనే హక్కు మీ డీఎంకి పూర్తిగా ఉంది. "ఆలోచించుకో" అన్నాడంటే మంచివాడే.

మీ గుంపు 2024 పుస్తకానికి మారే ఆలోచనలో ఉంటే ముందే తెలుసుకోండి. అందులో సబ్‌క్లాసులన్నీ మూడో మెట్టుకి జరిగాయి, కాబట్టి డివినేషన్ డైస్ ఒక లెవెల్ ఆలస్యం. యాక్షన్ సర్జ్‌తో వచ్చే అదనపు యాక్షన్‌లో స్పెల్ వేయడం కూడా కుదరదు.

షీట్ మీద "లెవెల్ 10" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. "ఫైటర్ 6 / విజార్డ్ 4" అని రాసి, దాని కింద హిట్ డైస్ (విశ్రాంతిలో ప్రాణబలం తిరిగి పొందే పాచికలు) ఆరు డీ10, నాలుగు డీ6 అని వేరు వేరుగా పెట్టుకోండి. షార్ట్ రెస్ట్‌లో ఏవి వాడారో గుర్తులేక గొడవ పడేది అక్కడే.